రేకు నేర్పే పాఠాలు – ఇంటి దగ్గర చేతి పనిముట్లతో లోహపు పని

ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో పోటీ పరీక్షల గురించి, వ్యక్తిత్వ వికాసం గురించి, ఆరోగ్యం గురించి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి మేము సుత్తి గురించి రాయాలనుకున్నాం. ఒక సుత్తి, ఒక రేకు కత్తెర, ఒక ఆకురాయి, ఒక కొయ్యమొద్దు ఉంటే చాలు. ఇంటి దగ్గరే రేకును వంచి, మడిచి, లోతు చేసి పనికొచ్చే వస్తువును తయారు చేసుకోవచ్చు. అది ఎలా మొదలుపెట్టాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మాదే. మా అమ్మానాన్నలు, మీలో చాలామంది అమ్మానాన్నలు చేతులతో కష్టం చేసి మనల్ని ఇక్కడికి పంపినవాళ్లే. "మా కష్టం మీకొద్దు, బాగా చదువుకోండి" అన్న మాట వింటూ పెరిగాం. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ దాన్ని మనం ఒక్కోసారి "చేతిపని అంటే చదువు రానివాళ్ల పని" అని అర్థం చేసుకుంటున్నాం. అక్కడే నష్టం జరుగుతోంది. లోహాల పాఠం మొత్తం అప్పజెప్పగలిగినవాళ్లు కూడా ఒక చిన్న రేకు పట్టీ వంచి పరికరానికి బిగించమంటే వర్క్‌షాపు అటెండరు కోసం ఎదురుచూడటం ల్యాబుల్లో మేము చూస్తూనే ఉన్నాం.

ఈ పని నేర్చుకోవడానికి కండబలం అంతగా అవసరం లేదు. ఎక్కడ కొడితే లోహం ఎటు జరుగుతుంది, ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు కాచాలి అన్నది తెలియడమే ముఖ్యం. అది తెలిస్తే పావుకిలో సుత్తి చాలు.

మన రేకు పెట్టే మొదటి పాఠ్యపుస్తకం

ముందు మీ మంచం కింద ఉన్న రేకు పెట్టెను బయటికి లాగి చూడండి. మూత అంచును వేలితో తడమండి. ఎక్కడా చెయ్యి కోసుకోదు. కారణం, రేకు అంచును వెనక్కి మడిచి అణిచారు. దీన్ని అంచు మడత అంటారు. దీనివల్ల పదును పోవడమే కాకుండా అంచు గట్టిపడుతుంది. కొన్ని పెట్టెలకు అంచులో ఇనుప తీగ పెట్టి దాని చుట్టూ రేకును చుడతారు. తీగ మందానికి రెండున్నర రెట్లు రేకును అదనంగా వదలాలన్నది పాత లెక్క. 2 మి.మీ. తీగ అయితే 5 మి.మీ. వదలాలన్నమాట.

ఇప్పుడు మూత మీద, పక్కల మీద ఉబ్బెత్తుగా ఉన్న గీతలు చూడండి. అవి అందం కోసమే అనుకుంటాం. నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి ఒక అంచు పట్టుకుని ఎత్తండి, వేలాడిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి పట్టుకోండి, నిటారుగా నిలబడుతుంది. కాగితం మందం పెరగలేదు, రూపం మారింది. పలుచటి రేకుతో చేసిన పెట్టె మీద మనం కూర్చుని చదువుకోగలుగుతున్నామంటే ఆ మడతలు, ఆ ఉబ్బు గీతల వల్లనే.

మూలల్లో, కొండీల దగ్గర ఉన్న గుండ్రటి తలకాయలు రివిట్లు. రెండు రేకులకు రంధ్రం చేసి, మేకులాంటి ముక్కను దూర్చి, రెండో వైపు సుత్తితో కొట్టి తలకాయ చేస్తారు. మడత, తీగ అంచు, ఉబ్బు గీత, రివిట్ – రేకు పనిలో సగం పాఠాలు ఈ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి.

లోహం ఎందుకు వంగుతుంది? ఎందుకు మొండికేస్తుంది?

గాజును కొడితే పగులుతుంది. రాగిని కొడితే సాగుతుంది. ఈ తేడా ఎందుకో తెలిస్తే సుత్తి పని సగం వచ్చినట్టే.

లోహంలో పరమాణువులు వరుసలుగా పేర్చి ఉంటాయి. ఆ వరుసల్లో అక్కడక్కడా లోపాలు ఉంటాయి. మన వార్షికోత్సవానికి హాలులో పెద్ద జంపఖానా పరుస్తాం కదా! దాన్ని ఒక జానెడు పక్కకు జరపాలంటే మొత్తం లాగడం కష్టం. ఒక చివర ముడత చేసి ఆ ముడతను కాలితో నెట్టుకుంటూ అవతలి చివరికి తీసుకుపోతే జంపఖానా సులభంగా జరుగుతుంది. లోహంలోని లోపాలు కూడా ఆ ముడతల్లాగే జరుగుతాయి. అందుకే లోహం విరగకుండా వంగుతుంది. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరోవాన్, పొలానీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారే విడివిడిగా ప్రతిపాదించారు. ఈ లోపాలను ఇంగ్లీషులో డిస్‌లొకేషన్లు అంటారు.

అయితే కొట్టేకొద్దీ ఇలాంటి ముడతలు కొత్తవి పుడుతూ ఉంటాయి. అవి ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుకుపోతాయి. అప్పుడు లోహం గట్టిపడి మొండికేస్తుంది. ఇంకా కొడితే పగులుతుంది. ఒక ఇనుప తీగను పదే పదే అటూ ఇటూ వంచితే వేడెక్కి పుటుక్కున తెగడం మీకు తెలిసిందే.

గట్టిపడిన లోహాన్ని తగినంత వేడి చేస్తే లోపల కొత్త అమరిక ఏర్పడి మళ్లీ మెత్తబడుతుంది. దీన్ని అనీలింగ్ అంటారు. కొట్టడం, గట్టిపడగానే ఆపడం, కాచి మెత్తబరచడం, మళ్లీ కొట్టడం – గిన్నె చేసినా, గంగాళం చేసినా వరుస ఇదే. గట్టిపడిందని ఎలా తెలుస్తుంది? చెవితో తెలుస్తుంది. మెత్తటి రాగి మీద దెబ్బ దబ్‌మని మొద్దుగా వినిపిస్తుంది. గట్టిపడేకొద్దీ టంగుమని మోగుతుంది, సుత్తి చేతిలో ఎగురుతుంది. ఆ మోత వినగానే ఆపాలి.

ఏ లోహంతో మొదలుపెట్టాలి?

కొట్లో రేకును గేజి లెక్కన ఇస్తారు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని గుర్తుంచుకోవాలి. ఎస్.డబ్ల్యూ.జి. పట్టిక ప్రకారం 18 గేజి అంటే 1.22 మి.మీ., 20 గేజి అంటే 0.91 మి.మీ., 22 గేజి అంటే 0.71 మి.మీ., 24 గేజి అంటే 0.56 మి.మీ. మందం.

మొదట నూనె డబ్బా రేకుతో మొదలుపెట్టండి. పాత డబ్బా కాబట్టి పాడైనా బాధ లేదు. వంచడం, మడవడం, రివిట్ కొట్టడం దీని మీదే నేర్చుకోవచ్చు. లోతు చేయడానికి మాత్రం ఇది పనికిరాదు.

లోతు చేయడం నేర్చుకోవడానికి రాగిని మించింది లేదు. మెత్తన, బాగా సాగుతుంది, కాచడం సులభం. 20 లేదా 22 గేజి తీసుకోండి. కిలో లెక్కన ధర ఎక్కువే, కానీ చిన్న ముక్క చాలు. ఇత్తడి కాస్త గట్టిది కనుక రాగి తర్వాత. అల్యూమినియం మెత్తనే గానీ 660 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర కరుగుతుంది, అదీ ఎర్రబడకుండానే. కొత్తవాళ్లు రంగు కోసం చూస్తూ ఉండగానే ముక్క జారిపోతుంది. దీనికి పనివాళ్ల చిట్కా ఒకటుంది. రేకు మీద బట్టల సబ్బు రుద్ది కాస్తే, సబ్బు ముదురు గోధుమ రంగుకు తిరిగి నల్లబడుతున్నప్పుడు వేడి చాలించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు చాలా త్వరగా గట్టిపడుతుంది, దాని జోలికి మొదట పోకండి.

కావలసిన పనిముట్లు

అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. ఈ వరుసలో సమకూర్చుకుంటే చాలు.

1. బాల్ పీన్ సుత్తి: ఒక వైపు చదునుగా, మరో వైపు గుండ్రంగా ఉండేది. 200 నుంచి 300 గ్రాములది చాలు. దాని ముఖం మీద గీతలు ఉంటే ప్రతి దెబ్బకూ ఆ గీతలు రేకు మీద అచ్చుపడతాయి. కనుక సన్నటి ఎమెరీ కాగితంతో అద్దంలా నునుపు చేసుకోవాలి. ఆ తర్వాత ఆ సుత్తితో మేకులు కొట్టకూడదు.

2. కొయ్య సుత్తి: రేకును సాగదీయకుండా వంచడానికి. ఇనుప సుత్తి సాగదీస్తుంది, కొయ్య సుత్తి వంచుతుంది. ఈ తేడా ముఖ్యం.

3. రేకు కత్తెర: మొదట తిన్నగా కోసేది ఒకటి చాలు. ప్రతిసారీ కొనదాకా మూయకండి. కొస మూసుకున్న చోటల్లా రేకు చిరుగుతుంది.

4. ఆకురాళ్లు: ఒకటి బల్లపరుపుది, ఒకటి అర్ధచంద్రాకారంది. ముందుకు నెట్టేటప్పుడే ఒత్తిడి ఇవ్వాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి, లేకపోతే పళ్లు అరిగిపోతాయి.

5. గీతలు గీసే సామాను: స్టీలు స్కేలు, మూలమట్టం, ఇనుప వృత్తలేఖిని, సూదిమొన గీతపుల్ల.

6. కొయ్యమొద్దు: చింత మొద్దు శ్రేష్ఠం. మాంసం కొట్టే మొద్దు చింతదే ఎందుకు వాడతారో ఆలోచిస్తే తెలుస్తుంది, దెబ్బకు చీలదు. దాని పైభాగంలో 10 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. లోతు గుంట చెక్కించుకోవాలి. ఇంట్లో వాడని పాత కొయ్యరోలు ఉంటే అదే గుంట.

7. ఇసుక సంచి: పాత జీన్స్ కాలును రెండు పొరలుగా కుట్టి, జల్లించి ఎండబెట్టిన ఇసుకను గట్టిగా దట్టించాలి. ఇది దెబ్బను తీసుకుంటుంది, చప్పుడు తగ్గిస్తుంది.

8. దాగలి, ఇనుప గుండు: పాత సమ్మెట తలకాయను మొద్దులో సగానికి దిగేస్తే చిన్న దాగలి సిద్ధం. గుండ్రటి తల ఉన్న ఇనుప రోకలిని బిగించుకుంటే గిన్నె సాపు చేయడానికి గుండుగా పనికొస్తుంది. రైలు పట్టా ముక్క బాగుంటుందని కొందరు చెబుతారు. తమ్ముళ్లూ, దాని జోలికి పోవద్దు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం.

9. పట్టకారు, రెండు సి-క్లాంపులు, రెండు మూరెడు యాంగిల్ ఇనుప ముక్కలు. యాంగిల్ ముక్కల మధ్య రేకును బిగించి కొయ్య సుత్తితో కొడితే తిన్నటి మడత వస్తుంది.

ముందు జాగ్రత్తలు

ఇది చివర్లో చదివి వదిలేసే భాగం కాకూడదని ఇక్కడే రాస్తున్నాం. కళ్లద్దాలు లేకుండా సుత్తి పట్టుకోవద్దు. సుత్తిని సుత్తితో ఎప్పుడూ కొట్టవద్దు. రెండూ గట్టి ఉక్కే కనుక పెచ్చు లేచి కంట్లో పడుతుంది. పిడి వదులైన సుత్తిని నీళ్లలో నానబెడితే ఆ పూటకు బిగుస్తుంది, ఎండగానే మళ్లీ ఊడుతుంది. కొత్త మేకు దిగ్గొట్టి బిగించాలి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. రేకు అంచును చేతుల మధ్య జార్చవద్దు. కోసుకుంటే కడిగి, టెటనస్ సూది సంగతి డాక్టరును అడగాలి. చెవులకు ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాలి. సుత్తి మోత వల్ల వినికిడి కొంచెం కొంచెంగా పోతుంది, పోయింది తిరిగి రాదు.

జింకు పూత ఉన్న జి.ఐ. రేకును, అంటే మన పెట్టెలాంటి రేకును, నిప్పుల మీద కాచవద్దు. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం లాంటి జబ్బు చేస్తుంది. రంగు డబ్బాలు, పెట్రోలు, థిన్నరు పోసిన డబ్బాలు, స్ప్రే డబ్బాలు కోయవద్దు, కాచవద్దు. వంటగ్యాసు సిలిండరుకు సొంతంగా గొట్టాలు తగిలించవద్దు. నిప్పుతో పని ఆరుబయట, పక్కన పెద్దవాళ్లు ఉండగా, బకెట్ నీళ్లు, బకెట్ ఇసుక పెట్టుకుని, నూలు బట్టలతోనే చేయాలి. మరో మాట, ఇది సెలవుల్లో ఇంటి దగ్గర చేసే పని. హాస్టల్ గదిలో స్టడీ అవర్‌లో మొదలుపెడితే వార్డెన్ గారు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

మొదటి పని: డబ్బా రేకుతో ట్రే

పెన్నులు, మేకులు, కుట్టు సామాను పెట్టుకునే చిన్న ట్రే ఇది. శుభ్రంగా కడిగిన నూనె డబ్బా నుంచి 200 మి.మీ. పొడవు, 160 మి.మీ. వెడల్పు ముక్క కోయండి. నాలుగు వైపులా అంచు నుంచి 6 మి.మీ. దగ్గర ఒక గీత, 31 మి.మీ. దగ్గర ఇంకో గీత గీయండి. మొదటి గీత అంచు మడతకు, రెండోది గోడ లేపడానికి. మధ్యలో 138 × 98 మి.మీ. అడుగు మిగులుతుంది. గోడ ఎత్తు 25 మి.మీ. వస్తుంది.

నాలుగు మూలల్లో చదరాలు ఏర్పడతాయి. ప్రతి చదరంలో పొడవు గోడ చివరను ఆనుకుని 10 మి.మీ. వెడల్పు పట్టీని మాత్రం ఉంచి మిగతాది కోసేయాలి. ఆ పట్టీ పైనున్న 6 మి.మీ. భాగాన్ని కూడా తీసేయాలి. పట్టీ అడుగు వైపు పొట్టి గోడకు అంటుకుని ఉంటుంది, ఆ గీత వెంట కూడా మూలదాకా కోయాలి. ఇదంతా ముందు అట్టముక్క మీద చేసి చూసుకోండి. అట్ట సరిగా మడిస్తే రేకు కూడా సరిగా మడుస్తుంది.

ముందు నాలుగు అంచులూ బయటి వైపుకు మడవండి. మడత పూర్తిగా అణిచే ముందు లోపల ఒక పలుచటి రేకు ముక్క పెట్టి కొట్టి, తర్వాత దాన్ని తీసేసి మెల్లగా అణచండి. ఆపైన పట్టీలు లోపలికి వంచి, పొడవు గోడలు లేపండి. పొట్టి గోడలు లేపేటప్పుడు యాంగిల్ ముక్కలు లోపల పట్టవు. అందుకే అడుగు కొలతకు సరిపడే చెక్క దిమ్మె లోపల పెట్టి, దాని మీదుగా కొయ్య సుత్తితో కొట్టాలి. ఒకే చోట పూర్తిగా వంచకుండా, గీత పొడవునా కొంచెం కొంచెంగా వంచుకుంటూ పోవాలి.

ఇప్పుడు పట్టీలు పొట్టి గోడల లోపలి వైపు ఆనుకుంటాయి. ప్రతి మూలకు ఒక 3 మి.మీ. అల్యూమినియం రివిట్ చాలు. రంధ్రం మధ్యభాగం రేకు అంచు నుంచి కనీసం రివిట్ మందానికి ఒకటిన్నర రెట్ల దూరంలో, అంటే 4.5 మి.మీ. లోపలికి ఉండాలి. పట్టీ నడిమధ్యన కొడితే సరిపోతుంది. రివిట్ కాడ కూడా అంతే, రెండో వైపు 4.5 మి.మీ. బయటికి రావాలి. ఎక్కువైతే వంగిపోతుంది, తక్కువైతే తలకాయ రాదు. రివిట్ తలను దాగలి మీద ఆనించి, ముందు చదును వైపుతో రెండు దెబ్బలు కొట్టి, తర్వాత గుండ్రటి వైపుతో చుట్టూ మెల్లగా కొడుతూ తలకాయ తేవాలి.

రెండో పని: రాగి గిన్నె

గిన్నె మూతి 12 సెం.మీ., లోతు 2.5 సెం.మీ. కావాలనుకుందాం. బిళ్ల ఎంత కోయాలి? ఊహించి కోస్తే రాగి దండగ. లెక్క వేద్దాం. గోళంలో ఒక ముక్క లాంటి గిన్నె వైశాల్యం పై రెట్లు మూతి వ్యాసార్ధం వర్గం, లోతు వర్గం కలిపిన మొత్తం. గుండ్రటి బిళ్ల వైశాల్యం పై రెట్లు దాని వ్యాసార్ధం వర్గం. రెండూ సమానం కావాలి. మూతి వ్యాసార్ధం 6, దాని వర్గం 36. లోతు 2.5, దాని వర్గం 6.25. మొత్తం 42.25. దాని వర్గమూలం 6.5. అంటే 13 సెం.మీ. వ్యాసం ఉన్న బిళ్ల కోయాలి. 20 గేజి రేకు అయితే ఈ బిళ్ల సుమారు 110 గ్రాములు తూగుతుంది. వర్గమూలాలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే తమ్ముళ్లకు ఇదొక సమాధానం.

బిళ్ల కోసి, అంచు ఆకురాయితో నునుపు చేయండి. అంచులో చిన్న గాటు ఉన్నా పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. మధ్య బిందువు నుంచి సెంటీమీటరుకొకటి చొప్పున పెన్సిల్‌తో వలయాలు గీయండి.

ముందుగా కాచాలి. కుంపటిలో బొగ్గులు బాగా రాజేసి బిళ్లను పెట్టి విసరండి. పగటి వెలుగులో ఎరుపు కనబడదు, అందుకే ఈ పని సందె చీకట్లో చేయాలి. మందంగా ఎర్రబడగానే చాలు. రాగి 1085 డిగ్రీల దగ్గర గానీ కరగదు కాబట్టి భయం లేదు, కానీ అనవసరంగా ఎక్కువసేపు కాస్తే లోపలి రేణువులు పెద్దవై పైభాగం గరుకవుతుంది. పట్టకారుతో తీసి వెంటనే నీళ్లలో ముంచవచ్చు. ఉక్కును ఎర్రగా కాచి నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని చదువుకున్నాం, రాగి అలా కాదు, ముంచినా మెత్తగానే ఉంటుంది. ఇత్తడి అయితే ఎరుపు పోయేదాకా ఆగి ముంచాలి, లేకపోతే పగుళ్లు రావచ్చు. పైన పట్టిన నల్లటి పొరను చింతపండుతో గానీ, నిమ్మఉప్పు నీళ్లతో గానీ తోమేయండి. దాన్ని వదిలేసి కొడితే రాగిలోకి దిగబడి మచ్చలవుతాయి.

బిళ్లను గుంట మీద కాస్త ఏటవాలుగా పట్టుకుని, అంచుకు ఒక సెంటీమీటరు లోపల నుంచి గుండ్రటి వైపుతో కొట్టడం మొదలుపెట్టండి. సుత్తి పిడి చివర పట్టుకోవాలి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి, సుత్తి తన బరువుతోనే పడాలి. సుత్తి ఒకే చోట పడుతూ ఉంటే ఎడమ చేత్తో బిళ్లను తిప్పుతూ పోవాలి. ప్రతి దెబ్బ ముందు దెబ్బ మీద సగం పడాలి. ఒక వలయం అయ్యాక దాని లోపలి వలయం, అలా మధ్యకు చేరాలి. మధ్యలో మొదలుపెట్టి అక్కడే కొడితే అడుగు పలచబడి చిల్లు పడుతుంది.

కొద్దిసేపటికి అంచు పావడా కుచ్చుల్లా ముడతలు పడుతుంది. కంగారు పడవద్దు, అది సహజం. బిళ్ల చుట్టుకొలత తగ్గాలి కదా, ఎక్కువైన లోహం ముడతగా లేస్తోంది. కానీ ముడత చిన్నగా ఉన్నప్పుడే కొయ్య సుత్తితో దాన్ని అణచాలి. మడత మీద మడత పడితే అక్కడ పగిలిపోతుంది. మధ్యకు చేరేసరికి రాగి టంగుమంటుంది. ఆపి, కాచి, కడిగి, మళ్లీ అంచు నుంచి మొదలు. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే లోతు వస్తుంది. వంపు సరిగా ఉందో లేదో చూడటానికి 8.45 సెం.మీ. వ్యాసార్ధంతో అట్ట కోసి లోపల ఆనించి చూడండి. వెలుతురు కనబడిన చోట ఇంకా కొట్టాలి.

చివరిది సాపు చేయడం. గిన్నెను ఇనుప గుండు మీద బోర్లించి, నునుపైన సుత్తి ముఖంతో బయటి నుంచి చిన్న చిన్న దెబ్బలు అడుగు నుంచి అంచు దాకా వలయాలుగా వేయాలి. సుత్తి, రాగి, గుండు మూడూ ఒకే చోట కలిసినప్పుడు ఠక్‌మని గట్టిగా వినిపిస్తుంది. బోలుగా వినిపిస్తే కింద గుండు ఆనలేదన్నమాట. దీని తర్వాత కాచకూడదు, ఆ గట్టిదనమే గిన్నెకు బలం. అంచును ఆకురాయితో సమం చేసి, 220, 400, 600 నంబరు కాగితాలతో వరుసగా రుద్దండి.

ఒక హెచ్చరిక: కళాయి లేని రాగి గిన్నెలో పులుపు, మజ్జిగ, పచ్చడి పెట్టకండి. చిలుము పట్టి విషమవుతుంది. వెనకటి రోజుల్లో కళాయి పోసేవాళ్లు వీధుల్లోకి వచ్చేది అందుకే. మీ మొదటి గిన్నెలో చిల్లర డబ్బులు పెట్టుకోండి.

దీనివల్ల మనకేమిటి?

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం వర్క్‌షాపు ప్రాక్టికల్స్‌లో టిన్ స్మితీ అని ఒక భాగం ఉంటుంది. అక్కడ చేయించే వాటిలో పైన చెప్పిన ట్రే లాంటిదే ఒకటి. ఐటీఐలో పదో తరగతి తర్వాత చేరే రెండేళ్ల ఫిట్టర్ ట్రేడులో ఆకురాయి పట్టడం దగ్గరే చదువు మొదలవుతుంది. షీట్ మెటల్ వర్కర్ అనే ట్రేడు కూడా ఉంది. సెలవుల్లో నాలుగు ట్రేలు చేసిన పిల్లవాడు ఆ ల్యాబులో బిత్తరపోడు. ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చిన వాళ్ల పక్కన నిలబడి మన తమ్ముడు గీత గీసి, మడత పెట్టి, సరిగ్గా మూల కలిపితే, మార్కుల సంగతి అలా ఉంచి, వాడి గొంతు కాస్త పెరుగుతుంది. మేము కోరుకునేది అదే.

పెద్ద చదువుకు కూడా ఇది పనికొస్తుంది. డిస్‌లొకేషన్ గురించి పుస్తకంలో పది పేజీలు చదవడం వేరు, చేతిలో సుత్తి ఎగరడం మొదలయ్యాక "ఇప్పుడు లోపల ముడతలు చిక్కుకున్నాయి" అని తెలియడం వేరు. పరీక్షలో రెండోవాడికి జవాబు మరచిపోయే ప్రశ్న ఉండదు.

ఇదంతా కొత్తగా మేము కనిపెట్టింది కాదు. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క పరుపు మీద ఉంచి చిన్న చిన్న ఉలులతో దేవతా రూపాలు, తీగలు, పూలు తేలుస్తారు. శ్రీకాకుళం జిల్లా బుడితి లోహ పాత్రలకు పేరు. మన ఊళ్లలో సొట్టలు తీసి, మాట్లు వేసిన పెద్దలకు గేజి పట్టిక తెలియకపోవచ్చు, కానీ రాగి ఎప్పుడు అలసిపోయిందో చెవితో చెప్పగలిగేవాళ్లు. వాళ్లు చేసింది విజ్ఞానమే. దాన్ని ఎవరూ సిలబస్‌లో రాయలేదు, పట్టా ఇవ్వలేదు, అంతే.

పుట్టుకతో నెత్తిన పెట్టిన పని వేరు, తెలిసి మనం ఎంచుకున్న పని వేరు. మొదటిదాన్ని వదిలించుకోవడానికే మన పెద్దలు మనల్ని చదివించారు. రెండోదాన్ని వదులుకోమని వాళ్లు ఎప్పుడూ అనలేదు. చదువుకున్న చెయ్యి సుత్తి పట్టుకుంటే చదువు తగ్గదు. పైగా మన ఇంట్లో నాన్న చేతికి తెలిసిన సంగతులు ఎన్ని ఉన్నాయో అప్పుడు గానీ మనకు అర్థం కాదు.

కాబట్టి తమ్ముళ్లూ, ఈ వేసవి సెలవుల్లో ఒక పాత నూనె డబ్బా, ఒక కత్తెర, ఒక కొయ్య సుత్తితో మొదలుపెట్టండి. మెస్ పళ్లెం సొట్టపడితే పారేయకండి. ఇసుక సంచి మీద పెట్టి, లోపలి నుంచి కొయ్య సుత్తితో సొట్ట అంచుల దగ్గర మొదలుపెట్టి మధ్యకు రండి, దానంతటదే లేస్తుంది. ఇంట్లో పనిముట్లు వాడిన పెద్దవాళ్లు ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. సందేహాలుంటే వార్షికోత్సవం రోజు మమ్మల్ని కలవండి, మీరు చేసిన ట్రే కూడా వెంట తీసుకురండి.